కరాళగుహలో బూటుకాళ్ళు

పూజగదిలో బూటు ముద్ర చూడగానే తిరుమల్‌కి రోత పుట్టింది.

శవాలు అతనికి కొత్త కాదు. ఆ మాటకొస్తే మధుసూదన్ గారి శవం చూడ్డానికి భయంకరంగా కూడా లేదు. మెడ వెనక సూదిమొన దిగిన చుక్క ఒకటి, చేతి పక్కన బోర్లా పడ్డ హారతి పళ్ళెం, అంతే. ప్రొఫెషనల్ పని. కానీ తెల్లారే కడిగి ముగ్గేసిన గచ్చు మీద, ఆ ముగ్గును తొక్కుకుంటూ దేవుడి పటాల దాకా వెళ్ళి, తాపీగా వెనక్కి వచ్చిన బురద బూట్ల ముద్రలు! చంపడానికి వచ్చినవాడు చెప్పులు విప్పి రావాలని ఎవరూ అనరు. అయినా తిరుమల్‌కి ముందుగా ఒళ్ళు మండింది వాటిని చూసే. చిన్నపిల్లలకి కూడా తెలిసిన మర్యాద తెలియని వెధవ ఎవడో ఈ ఇంట్లో తిరిగి పోయాడు.

"ఏం పోయింది?" చెవిలోని ఇయర్‌పీస్‌లో డైరెక్టర్ నూకరత్నం గొంతు.

"పాత హోమ్ కంప్యూటర్ ఒకటి మేడమ్. టీవీకి తగిలించుకునే రకం. దాంతోపాటు ఒక టేప్ రికార్డర్, ఒక క్యాసెట్."

"ఏ క్యాసెట్?"

తిరుమల్ వసారాలో కూర్చున్న విమలమ్మ వైపు చూశాడు. పోయినాయన భార్య. ప్రభుత్వ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు మాత్రం క్లాసురూములో ఉన్నట్టే గట్టిగా ఉంది.

"కరాళగుహ," అందామె. "మా ఆయన రాసిన ఆట. జెర ఆ తలుపు దగ్గరకెయ్యి బిడ్డా. ఆయన మీద ఈగలు వాలుతున్నయి."

తిరుమల్ తలుపు దగ్గరగా వేశాడు. 

"ఆవిడను తీసుకుని వెంటనే ఆఫీసుకి రా," అంది నూకరత్నం.

నేరేడ్‌మెట్ నుంచి మారేడ్‌పల్లికి ఇద్దరూ జీపులో వచ్చారు. ఆఫీసుకి పైన బోర్డు విత్తనాల కంపెనీది. దారితప్పి వచ్చిన రైతుకి నిజంగానే విత్తనాలు అమ్ముతారు కూడా. అవి మొలుస్తాయా లేదా అన్నది ఈ గూఢచారి డిపార్ట్‌మెంటు పట్టించుకునే విషయం కాదు. విత్తనాల బస్తాల వెనక ఉక్కు తలుపు, దాని వెనక నూకరత్నం. విశాఖ వైపు నుంచి వచ్చి ఈ నగరంలో ముప్పాతిక జీవితం గడిపిన ఆవిడ, కోపం వస్తే తప్ప సొంత యాస బయటపెట్టదు. ఆ రోజు ఏసీ గదిలో కూర్చుని, కోపం రావాల్సిన చోట కూడా చక్కటి పుస్తకాల తెలుగులో మొదలుపెట్టింది. అది మంచి సూచన కాదని తిరుమల్‌కి తెలుసు.

"నవత," అంది. స్క్రీన్ మీద ఒక ఫోటో వెలిగింది.

తిరుమల్‌కి ఆ ఫోటో అక్కర్లేదు. తుపాకీ పట్టడం దగ్గర నుంచి అబద్ధం చెప్పేటప్పుడు కన్నార్పకుండా ఉండటం దాకా ఆ అమ్మాయికి నేర్పింది తనే. సరిహద్దు అవతల ఒక రేవు పట్టణంలో నర్సు వేషంలో పనిచేస్తోంది.

"నవత మీద వాళ్ళకి అనుమానం మొదలైంది. ఈ సాయంత్రం పొద్దు గుంకే వేళకి పడవెక్కి బయటపడాలి. ఆ ఊళ్ళో రెండు రేవులు. ఉత్తరం రేవు, దక్షిణం రేవు. దక్షిణం రేవు నుంచి వస్తున్నానని నిన్న రేడియో మెసేజ్ పంపింది. ఆ మెసేజ్ వాళ్ళకి చిక్కింది. కానీ కోడ్ విప్పలేకపోయారు. విప్పగలిగేది ఒక్కటే. మధుసూదన్ గారి పాచికలు."

"పాచికలేంటి మేడమ్?"

జవాబు విమలమ్మ చెప్పింది. "ఎనభైల ముచ్చట బిడ్డా. అప్పుడు ఇంట్ల కంప్యూటర్ అంటే గదే, టీవీకి తగిలించేది. ఆటలు క్యాసెట్ల మీద వచ్చేవి. మా ఆయన ఆర్మీ సిగ్నల్స్ ల్యాబ్‌ల పనిచేసేది. ఇంటికొచ్చి ఆట రాసిండు. ఒక వీరుడు, కత్తి పట్టుకొని గుహల పోతడు. రాక్షసులు అడ్డమొస్తరు. కొట్లాట గెలుస్తడా లేదా అనేది పాచికలు చెప్తయి. ఆ పాచికలు ఎవరేస్తరు? కంప్యూటర్. ఒక లెక్క ప్రకారం వేస్తది. ఆ లెక్క మా ఆయన కట్టిండు."

"ఆఫీసులో మెసేజీలు కలగాపులగం చెయ్యడానికి కూడా అదే లెక్క వాడాడు," అంది నూకరత్నం. "ఇంటికొకటి ఆఫీసుకొకటి ఎందుకనుకున్నాడేమో. ఆ పాత సెట్లన్నీ తీసేశాం, ఒక్కటి తప్ప. ఈ కాలపు మెషీన్లు దాన్ని గుర్తు పట్టవని నవతకి అదే ఇచ్చాం."

తిరుమల్‌కి వెగటు పుట్టింది. ఒక ఆడపిల్ల ప్రాణాన్ని పిల్లల ఆట మీద వేలాడదీసి, అదేదో తెలివైన ఏర్పాటు అన్నట్టు చెబుతోంది ఈవిడ.

చంపినవాడి పేరు కాస్పర్ అని డైరెక్టర్ చెప్పింది. కిరాయి మనిషి. ఏ దేశం పాస్‌పోర్ట్ కావాలన్నా జేబులో ఉంటుంది. సరదాకి పాతకాలపు కంప్యూటర్ ఆటలు ఆడతాడు. అందులో పేరున్న ఆటగాడట. క్యాసెట్ మీద లెక్క నేరుగా కనిపించదు, ముక్కలు చేసి దాచారు. ఆట ఆడుకుంటూ చివరి గది దాకా వెళితేనే ముక్కలు కలిసి లెక్క బయటపడుతుంది. కాస్పర్ ఇప్పుడు బోయిన్‌పల్లిలో కూర్చుని ఆ పనిమీదే ఉన్నాడు.

"మనకెలా తెలిసింది?"

స్క్రీన్ మీద ఇంకో ఫోటో. ఎర్ర లిప్‌స్టిక్, వెండి జరీ అంచు చీర, చేతిలో మైకు.

"జెనిఫర్. పెద్ద పెద్ద పార్టీలకి యాంకర్. డబుల్ ఏజెంట్. జీతం మన దగ్గర తీసుకుంటుంది, బహుమతులు వాళ్ళ దగ్గర. కాస్పర్‌కి మధుసూదన్ గారి ఇల్లు చూపించింది తనే. ఇప్పుడు వాడు బోయిన్‌పల్లిలో ఉన్నాడని మనకి చెప్పిందీ తనే."

"రెండోది చెప్పినందుకు మొదటిది మాఫీనా?"

"'రెయిడ్ చేస్తే?' అని నువ్వు అడగాలి తిరుమల్. అది పనికొచ్చే ప్రశ్న."

"రెయిడ్ చేస్తే?"

"కాస్పర్ ఫోన్ మూగబోయిన మరుక్షణం అక్కడ రెండు రేవులూ మూసేస్తారు. నవత లోపలే ఉండిపోతుంది. కాబట్టి వాడు ఆడాలి. గెలిచాననుకోవాలి. తప్పు లెక్క తీసుకుపోవాలి. అదెలాగో నాకు తెలియడం లేదు."

 విమలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "వాడు మా పూజగదిల బూట్లు ఇప్పిండా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు తిరుమల్.

"అట్లయితే గుహల సుత ఇప్పడు."

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఆఖరి గది గుడి. ఆ గుడి నేను రాసిన. అప్పుడు మా గల్లీ పోరలందరూ ఆడుకునేటందుకు మా ఇంటికే వస్తుండె. వానల, బురదల, బూట్లతోని సీదా లోపటికి! చెప్పి చెప్పి నాకు యాష్టకొచ్చింది. అందుకే గుడిల గిట్ల పెట్టిన. వీరుడు బూట్లు ఇప్పి లోపటికి పోతే దేవుడు అసలు పాచికలు ఇస్తడు. బూట్లతోని పోతే దొంగ పాచికలు ఇస్తడు. చూసేటందుకు రెండూ ఒక్కతీరే ఉంటయి. ఎవరూ హెచ్చరిక చెయ్యరు. దొంగ పాచికలు పట్టుకొని పోయినోడు ప్రతి కొట్లాటల ఓడిపోతుంటడు, ఎందుకో వాడికి చచ్చేదాక సమజ్ కాదు."

"ఆ దొంగ లెక్క మీకు గుర్తుందా?" నూకరత్నం కుర్చీలో ముందుకి వంగింది.

"నేను కట్టిన లెక్క నాకు గుర్తుండదా?"

ప్లాన్ అక్కడికక్కడే తయారైంది. దొంగ లెక్కతో ఒక ఎర మెసేజ్ తయారుచేసి, నవత సెట్ నుంచి వచ్చినట్టే గాల్లోకి వదులుతారు. 'ఉత్తరం రేవు నుంచి వస్తున్నాను' అని అందులో ఉంటుంది. కాస్పర్ దొంగ పాచికలతో దాన్ని విప్పుతాడు, అది చక్కగా అర్థమవుతుంది, కాపలా అంతా ఉత్తరానికి పరిగెడుతుంది. నవత దక్షిణం నుంచి వచ్చేస్తుంది.

"అదే దొంగ లెక్కని నిన్నటి అసలు మెసేజ్ మీద పెడితే?" అన్నాడు తిరుమల్.

"చెత్త వస్తుంది. మోసమని వాడికి తెలిసిపోతుంది. కానీ ఎవడైనా ముందు ఇవాళ్టి మెసేజే విప్పుతాడు."

"విప్పకపోతే?"

"అప్పుడు నువ్వు కాస్పర్‌ని పట్టుకో. నవతని రైట్ ఆఫ్ చేసేద్దాం."

విరిగిన కుర్చీని స్టోరు గదిలో పడేయించమన్నంత మామూలుగా అంది. తిరుమల్ ఆవిడ ముఖంలోకి చూడలేక కళ్ళు తిప్పుకున్నాడు.

దొంగిలించిన క్యాసెట్ కాస్పర్ దగ్గర లోడ్ కావడం లేదని జెనిఫర్ కబురు చేసింది. పాత టేప్ రికార్డర్లు బాగుచేసే మెకానిక్ కావాలట. మెకానిక్ సూరి పేరుతో తిరుమల్ బయల్దేరాడు. గ్రీజు మరకల చొక్కా, మూడు రోజుల గడ్డం, చెవిలో వినికిడి మెషీన్ వేషంలో ఇయర్‌పీస్, చొక్కా గుండీలో మైక్. స్క్రూడ్రైవర్ పిడిలో మత్తు సూది. మార్కెట్ గేటు పక్కన ఐస్‌క్రీమ్ వ్యానులో విమలమ్మ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది.

"మీరు ఇంటికి పోండమ్మా," అని తిరుమల్ రెండుసార్లు చెప్పాడు.

"పోస్ట్‌మార్టం కాకపాయె, ఆయనను ఇయ్యకపాయె. పోయి ఏం చెయ్యాలె? ఏడ్చేటందుకు రేపున్నది. నువ్వు నడువు."

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఆ మధ్యాహ్నం వాసన చెప్పనలవి కాదు. ధర లేక పారబోసిన టమాటాలు ఎండకి కుళ్ళి, కాళ్ళ కింద ఎర్రటి జావలా సాగుతున్నాయి. వాటి మీద ఆవులు, ఈగలు, లారీ టైర్లు. ఉల్లిపాయల గోడౌన్ ముందు వెండి అంచు చీరలో, నల్లకళ్ళద్దాల్లో జెనిఫర్ నిలబడి ఉంది. ఆ కంపులో కూడా ఆమె సెంటు వాసన విడిగా తెలుస్తోంది. రెండూ కలిసి ఇంకా అసహ్యంగా ఉన్నాయి.

"బెండకాయ లేతగుందా?" అంది ఆమె, కోడ్ ప్రకారం.

"ముదిరింది. పులుసుకి పనికొస్తది," అన్నాడు తిరుమల్.

"పైకి రా అన్నా. మావోడు శానా పరేషాన్ అయితున్నడు."

ఆమె ఎవరి వైపో ఆ గొంతులో తెలియలేదు. బహుశా ఆమెకి కూడా తెలియదేమో అనుకున్నాడు తిరుమల్.

గోడౌన్ పై గదిలో కాస్పర్ పెద్ద శరీరాన్ని చిన్న కుర్చీలో ఇరికించి కూర్చున్నాడు. ముందున్న బల్ల మీద మధుసూదన్ గారి కంప్యూటర్, పాత టీవీ, టేప్ రికార్డర్, ఒక ల్యాప్‌టాప్. ఒక చేత్తో వేయించిన కోడికాలు తింటూ, ఆ వేళ్ళు నాక్కుని, అవే వేళ్ళతో చనిపోయినాయన కీబోర్డు నొక్కుతున్నాడు. మీటల మీద నూనె మెరుస్తోంది. కాళ్ళు ఇంకో కుర్చీ మీద చాపాడు. బూట్ల అడుగున టమాటా గుజ్జు, దాని కింద ఎండిన బురద, ఆ బురదలో తెల్లగా ముగ్గుపిండి.

తిరుమల్ పిడికిలి బిగుసుకుంది. సూది ఇప్పుడే దించేస్తే? నవత గుర్తొచ్చి పిడికిలి వదిలేశాడు.

"బాగుచెయ్యి," అన్నాడు కాస్పర్ ఇంగ్లీషులో.

"హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటది," చెవిలో విమలమ్మ గొంతు. "ప్లే నొక్కి జెర జెర తిప్పు. కీచుమనే సప్పుడు సాఫ్‌గ వినవడాలె. ఆయన రికార్డర్‌కు ఆ స్క్రూ ఎప్పుడూ జారుతది. నేనే తిప్పుతుండె."

తిరుమల్ స్క్రూ తిప్పాడు. మసకగా ఉన్న శబ్దం క్రమంగా పదునెక్కి చెవులు చిల్లులు పడేంత కీచుమంది. టీవీ అంచుల్లో రంగుల గీతలు పరిగెత్తాయి. కాస్పర్ కోడికాలు పక్కన పడేశాడు. వాడి ముఖంలో పండగ రోజు పిల్లాడి ముఖంలో ఉండే సంతోషం కనిపించింది. అది చూసి తిరుమల్‌కి మరింత రోత పుట్టింది.

నల్లటి స్క్రీన్ మీద ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. 'నువ్వు కరాళగుహ ద్వారం దగ్గర నిలబడ్డావు.'

ఆ ఆటలో బొమ్మలు లేవు. చూపించేది మాటలే, ఆడేదీ మాటలతోనే. ఉత్తరానికి నడువు, కత్తి తీసుకో, కప్పరాక్షసుణ్ణి కొట్టు. ఇంగ్లీషులో రెండేసి మాటలు టైపు చేస్తే చాలు. కాస్పర్ నిజంగానే ఆటగాడు. ఏ మలుపులో ఉచ్చు ఉంటుందో వాసన పట్టేస్తున్నాడు. అతనికి దారి చూపించడానికి ఒక ముసలి సన్యాసి వచ్చాడు ఆటలో. ఇరుకు వంతెన దగ్గర కాస్పర్ ఆ సన్యాసిని లోయలోకి తోసేశాడు.

"ఎందుకు?" అంది జెనిఫర్.

"బరువు. పని అయిపోయింది కదా," అన్నాడు కాస్పర్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

జెనిఫర్ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

నేలమాళిగలో ఒక పెట్టె తెరుచుకుంది. 'వాయువేగపు బూట్లు దొరికాయి.' కాస్పర్ ఈల వేశాడు. వెంటనే తొడుక్కున్నాడు. అక్కడి నుంచి ఏ రాక్షసుడూ అతన్ని అందుకోలేకపోయాడు.

కిటికీలోంచి పడుతున్న ఎండ పసుపు రంగుకి తిరిగింది. కింద లారీలు ఖాళీ అవుతున్నాయి. నవత ఈపాటికి ఆసుపత్రి డ్యూటీ దిగి నడుస్తూ ఉంటుంది. చేతిలో టిఫిన్ డబ్బా, అడుగున రేడియో సెట్. వెనక్కి చూడొద్దని తనే నేర్పాడు.

'నల్లరాతి గుడి. తలుపు తెరిచే ఉంది. లోపల దీపం వెలుగుతోంది.' కాస్పర్ ఆ మాటలు పైకి చదివాడు.

"అదే," అంది విమలమ్మ చెవిలో. ఆమె ఊపిరి కూడా వినిపిస్తోంది.

కాస్పర్ 'లోపలికి' అని టైపు చేశాడు. చివరి మీట నొక్కబోయి ఆగాడు. కుర్చీ వెనక్కి వాల్చి తెరను చాలాసేపు చూశాడు.

"ఇంత దూరం అడుగడుగునా ఉచ్చు పెట్టినవాడు ఆఖరి తలుపు బార్లా తెరిచి వదిలేస్తాడా?" అన్నాడు. "ఇది ఇక్కడివాడు రాసిన ఆట. జెనిఫర్, నువ్వు ఇక్కడ పుట్టినదానివి. ఇలాంటి చోటుకి లోపలికి వెళ్ళే ముందు మీవాళ్ళు ఏమైనా చేస్తారా?"

గదిలో ఈగల చప్పుడు పెద్దదైనట్టనిపించింది. తిరుమల్ స్క్రూడ్రైవర్ పిడి మీద బొటనవేలు ఉంచాడు.  సికింద్రాబాద్‌లో పుట్టిన ఏ పిల్లనడిగినా ఈ ప్రశ్నకి జవాబు తడుముకోకుండా చెబుతుంది. గుడి కానీ, దర్గా కానీ, చర్చి కానీ, పక్కింటి గడప కానీ, జవాబు ఒక్కటే.

జెనిఫర్ తెర వైపు చూసింది. తర్వాత కుర్చీ మీద చాపిన బూట్ల వైపు చూసింది.

"ఏం లేదు," అంది. "లోపలికి వెళ్ళడమే."

కాస్పర్ మీట నొక్కాడు.

'దేవుడు నీకు పాచికలు ప్రసాదించాడు.' తెర నిండా అంకెలు వానలా కురిశాయి. ల్యాప్‌టాప్ వాటిని మింగింది. కాస్పర్ బల్ల మీద అరచేత్తో కొట్టి నవ్వాడు. ఇవాళ్టి మెసేజ్ తీసి పెట్టాడు. డైరెక్టర్ లెక్క తప్పలేదు, ముందు కొత్తదే. అక్షరాలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి. 'ఉత్తరం రేవు. పొద్దు గుంకే వేళ.'

ఫోన్ తీశాడు. "నార్త్. అందర్నీ నార్త్‌కి పంపండి."

తిరుమల్ మనసు కుదుటపడింది. ఇంక వీడి ఫోన్ మూగబోయినా ఫర్వాలేదు. కానీ కాస్పర్ ఫోన్ పెట్టలేదు. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "ఒక్క నిమిషం లైన్‌లో ఉండు. నిన్నటిది కూడా చూస్తాను. చెక్ చెయ్యకుండా వదలడం నాకు అలవాటు లేదు," అంటూ రెండో మెసేజ్ పెట్టాడు.

తెర మీద మొదటి వరుస వచ్చింది. పిచ్చి అక్షరాలు. కాస్పర్ నవ్వు ఆగిపోయింది. రెండో వరుస. అదీ అంతే. కళ్ళు టీవీ మీదకి, తన బూట్ల మీదకి, అక్కణ్ణుంచి జెనిఫర్ మీదకి వెళ్ళాయి. నోరు తెరిచాడు.

తిరుమల్ టేప్ రికార్డర్ ఎత్తి ఫోన్ మీద విసిరాడు. ఫోన్ గోడకి కొట్టుకుని పగిలింది. సూది దించేలోపు కాస్పర్ లేచి అతని మణికట్టు మెలితిప్పాడు, స్క్రూడ్రైవర్ జారిపోయింది. ఇద్దరూ బల్లని తన్నుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. మెట్ల మీద టమాటా గుజ్జు. వాడి బూటు దాని మీద జారింది, తిరుమల్ భుజంతో ఒక్క తోపు తోశాడు. కాస్పర్ మెట్లన్నీ దొర్లి కింద కుళ్ళిన టమాటాల కుప్పలో తలకిందులుగా పడ్డాడు. లేవబోతుంటే తిరుమల్ దూకి వాడి వీపు మీద కూర్చుని ముఖాన్ని ఆ జావలోకి అదిమిపెట్టాడు. అదిమిపెట్టాల్సినదానికంటే కాస్త ఎక్కువసేపే అదిమాడు. ఐస్‌క్రీమ్ వ్యాను వెనక నుంచి డిపార్ట్‌మెంటు మనుషులు పరిగెత్తుకొచ్చి సంకెళ్ళు వేశారు.

ఇంకా ఒక ప్రశ్న మిగిలే ఉంది. లైన్ తెగిందని వాళ్ళకి అనుమానం వచ్చి ఉంటే? కాపలావాళ్ళు దక్షిణానికి తిరిగి ఉంటే? తిరుమల్ ఒంటి నిండా కుళ్ళు కంపుతో వ్యాను మెట్టు మీద కూర్చుని, ఎదురుగా షెడ్ల మీంచి ఎండ దిగిపోవడం చూస్తూ ఉండిపోయాడు.

జెనిఫర్ కిందికి దిగి వచ్చింది. చీర అంచుకి మరక అంటకుండా ఎత్తిపట్టుకుంది.

"పొద్దున నేను గడప దగ్గర్నే చెప్పులు ఇప్పిన సార్," అంది. "వాడు ఆగలే. సీదా పోయిండు. నాకు తెల్వది వాడు చంపుతడని. క్యాసెట్ తీసుకుంటడు అనుకున్న, అంతే. ఇప్పుడైతే మీకు మదద్ చేసిన గదా."

"చెప్పులు విప్పి, మనిషిని చంపించావ్," అన్నాడు తిరుమల్. ఆమెని కొట్టాలనిపించలేదు. కడుక్కోవాలనిపించింది.

వ్యాను తలుపు తెరుచుకుంది. విమలమ్మ హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుని జెనిఫర్‌ని పైనుంచి కిందికి చూసింది.

"మొన్న పాత ఆటలంటే ఇష్టమని వచ్చింది నువ్వే గదా? నీకు ఆయనే చాయ పెట్టిచ్చిండు. చక్కెర తక్కువైందా అని రెండుసార్లు అడిగిండు."

జెనిఫర్ మేకప్ చెక్కుచెదరలేదు గాని, పెట్టుకోబోయిన కళ్ళద్దాలు మళ్ళీ మడిచేసింది. డిపార్ట్‌మెంటు మనిషి ఆమె మోచెయ్యి పట్టుకుని కారు ఎక్కించాడు. ఏదో ఒక రోజు ఈమెని మళ్ళీ ఏదో ఒక పార్టీలో మైకు పట్టుకుని చూడాల్సి వస్తుందని తిరుమల్‌కి తెలుసు. డిపార్ట్‌మెంటు పనికొచ్చే మనుషుల్ని పారేయదు. పనికి రానివాళ్ళనే పారేస్తుంది.

ఇయర్‌పీస్ గరగరలాడింది.

"నవత పడవెక్కింది," అంది నూకరత్నం. "దక్షిణం రేవులో కుక్క కూడా లేదట. మన నీళ్ళలోకి వచ్చేసింది."

తిరుమల్ తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. చాలాసేపటికి ఊపిరి పూర్తిగా లోపలికి తీసుకోగలిగాడు. తీసుకుంటే వచ్చింది టమాటా కంపే. అయినా ఆ క్షణంలో అది కూడా బాగానే ఉన్నట్టనిపించింది.

"ఏటయ్యా, పలకవేటి?" నూకరత్నం గొంతులో సొంత ఊరు తొంగిచూసింది. సంతోషం వచ్చినా యాస బయటపడుతుందని తిరుమల్‌కి ఇంతకాలం తెలియదు. వెంటనే ఆవిడ సర్దుకుని ఆఫీసు గొంతులోకి వచ్చింది. "ఎక్సలెంట్ ఆపరేషన్. ఢిల్లీకి రిపోర్ట్ పంపేస్తున్నాను. టార్గెట్ పట్టుబడ్డాడు. ఏజెంట్ సేఫ్. మన వైపు నష్టం సున్నా."

వ్యాను స్పీకర్‌లో ఆ మాట గట్టిగా వినిపించింది. డ్రైవరు కూడా తల తిప్పి విమలమ్మ వైపు చూశాడు. సంకెళ్ళతో కూర్చున్న కాస్పర్ ఒక్కడికే అర్థం కాలేదు, వాడికి తెలుగు రాదు.

"మేడమ్," అన్నాడు తిరుమల్, "మధుసూదన్ గారు..."

"ఆయన ఏజెంట్ కాదు కదా తిరుమల్. పెన్షనర్. మన లెక్కలోకి రారు."

అతనికి నోట్లో చేదు ఊరింది. పొద్దుటి నుంచి చూసినవన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు.  విమలమ్మ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని, వైరు నెమ్మదిగా చుట్టింది.

"బిడ్డా, ఆ మేడమ్‌కు నా మాటగ చెప్పు," అంది. "సున్నా నుంచి లెక్క పెట్టుడు కంప్యూటర్లకు అలవాటు. మనుషులు ఒకటి నుంచి పెడతరు."

తిరుమల్ ఆ మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు. ఇయర్‌పీస్ చెవిలోంచి తీసి జేబులో వేసుకున్నాడు.